క్యూరింగ్ అన్న మాట

సూర్యాపేట,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు దామోదర్‌కు అక్క వాసవి మనసారా ఆశీర్వదించి రాసే సంగతులు. భగవంతుని దయవల్ల నేను, మీ బావ, నా దగ్గరున్న నీ బిడ్డ హారిక చల్లగా ఉన్నాం. రాయ్‌పూర్‌లో నువ్వూ మరదలూ కుశలమని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకు అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట సాంతం చెప్పనివ్వవు. కాగితమైతే మధ్యలో అడ్డం రాలేవు.

మీ బావ మోకాలి సంగతి అడిగావు. మేలు. ముందు రోడ్డు ఎత్తు పెంచినప్పటి నుంచి వాననీళ్లన్నీ మన వాకిట్లోనే నిలిచేవి కదా. షాబాద్ బండల మీద పాచి పట్టేది. పోయిన వానాకాలం అక్కడే జారిపడ్డాక, మబ్బు పట్టిందంటే ఆయన గడప దాటేవారు కాదు. ఇప్పుడు హారిక కొత్తగా పోసిన అదే వాకిట్లో కర్ర పట్టుకుని ఒక్కరే ఆటో దాకా నడిచి, మార్కెట్ యార్డులో మన కొట్టుకు పోయి వస్తున్నారు. నాకు ఇంతకన్నా ఏం కావాలి? పొద్దున దీపం పెట్టేటప్పుడు నీ బిడ్డ పేరు తలచుకుని దండం పెడుతున్నాను.

ఆ వాకిలి పని ఎట్లా చేస్తారని మరదలు అడిగింది. పాత బండలు తీసేసి కింద వట్టి కంకర పరుస్తారు. బాగా ఎండిన సన్నరాళ్లను రెజిన్ అనే జిగురుతో మిక్సర్‌లో కలిపి, పైన పోసి తాపీతో అదుముతారు. చూడటానికి పల్లిపట్టీలా ఉంటుంది. రాళ్ల సందుల్లోంచి నీళ్లు భూమిలోకి దిగిపోతాయి. మేస్త్రి దేవదాసు పక్కన హారిక కూడా మోకాళ్ల మీద కూర్చుని తాపీ పట్టింది. ఎదురింటి ఈశ్వరమ్మ మన గేటు పట్టుకుని ఊరుకుంటుందా?

"ఏందే పిల్లా, ఇంజనీరు సదివి పల్లిపట్టి పోస్తున్నవా?"

"నీ పండ్లు ఆగుతయంటే ఒక ముక్క కోసిస్త పెద్దమ్మా."

దేవదాసు తాపీ పక్కన పెట్టి మరీ నవ్వాడు.

ఇక నీ ఉత్తరంలోని అసలు మాటకు వస్తాను. వాకిట్లో తెల్లమచ్చలున్న ఫొటో మనవాళ్లెవరో నీకు పంపారు. "దీనికి పని రాదని తేలింది. నలుగురిలో పరువు పోకముందే దసరాకు పంపించు, నా కొట్లో కూర్చుంటుంది" అని రాశావు. పిల్లకూ అదే రాశావు. చదువుకుని మడిచి పెట్టింది. "కోదాడలో పని సామానుకని కిరాయికి తీసుకున్న షెడ్డు ఖాళీ చేస్త అత్తా" అని మాత్రం అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లున్న హీరాలాల్ సేట్ మన వాకిలి చూసి, నచ్చితే తన మిల్లు పని ఇస్తానన్నారు. హారికకు వచ్చే మొదటి పెద్ద పని అది. ఆయన వచ్చిన పొద్దున్నే ఆ మచ్చలు కనబడ్డాయి.

"బేటీ, గిదేంది? పిండి ఒలికినట్టున్నది."

"తడి తగిలింది సేట్ గారూ. నేను చూస్కోలేదు. తీసేసి మల్ల పోస్త, అప్పుడొచ్చి చూడండి."

"గట్లనా. చూస్త" అని కారెక్కారు.

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నోరు విప్పలేదు.

ఇప్పుడు విప్పుతున్నాను. ఆ తడి నేను చేసిందే తమ్ముడూ.

ఆ ముందురోజు సాయంత్రం పని ముగించి, సామాను కోదాడ చేర్చడానికి పోతూ హారిక నాతో, "అత్తా, ఇగ క్యూరింగ్ అయితే అయిపోయినట్టే. ఎవ్వర్నీ తొక్కనియ్యకు. జర చూస్కో" అంది. మనకు క్యూరింగ్ అంటే ఏమిటి? నీళ్లు కొట్టడం. ఈ ఇల్లు కట్టినప్పుడు స్లాబుకు పొద్దూమాపూ నీళ్లు పట్టింది నేనే కదా. పిల్ల అంత కష్టపడి పోసింది, ఎండి పగిలిపోతుందేమోనని పైపు పట్టాను. దైవనామం చెప్పుకుంటూ పోశాను. ఎంత పోసినా తాగేస్తోంది. పాపం ఎంత దాహంగా ఉందో అనుకుని, బిందెతో తెచ్చి ఇంకా పోశాను.

అది సిమెంటు కాదు, దానికి క్యూరింగ్ అంటే కదలించకుండా వదిలేస్తే దానంతటది గట్టిపడటమేనట. గట్టిపడేదాకా దానికి చుక్క తగలకూడదు. తగిలితే బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా పొంగుతుంది. హారిక ఆ రాత్రే తిరిగి వచ్చి వాకిలి చూసింది, నా చేతిలో బిందె చూసింది. నా చెయ్యి పట్టుకుని, "నాదే తప్పు అత్తా. నీళ్లు వద్దని చెప్పకపోతి. నువ్వు పోసినవని ఎవ్వరికీ చెప్పకు, నవ్వుతరు" అంది. ఆ మాటను ఆసరా చేసుకుని నేను మెదలకుండా ఉండిపోయాను. నువ్వు దాన్ని తిడుతూ రాసినా ఉండిపోయాను. పూజలో కూర్చుంటే మంత్రం ముందుకు సాగలేదు.

చెడినంత మేర కోసి తీసేసి హారిక మళ్లీ పోసింది. అతుకు ఎక్కడో నాకు తెలియడం లేదు. మొన్న పెద్దవాన వెలిసీ వెలవకముందే హీరాలాల్ గారు వచ్చారు. తెల్లబూట్లతో గేటు నుంచి గడప దాకా నడిచి, బూట్లు ఎత్తి చూసుకున్నారు. బురద లేదు. "మా లారీల దారి మొత్తం గిట్లనే చెయ్యి" అన్నారు. హారిక ఒప్పుకోలేదు. "లారీల బరువుకు ఇది ఆగది సేట్ గారూ. ఆఫీసు ముందు, కార్లు పెట్టే కాడ చేస్త." ఆయన "గట్లనే కానీ" అన్నారు.

ఈరోజు పొద్దున నేనే ఆయనకు ఫోన్ చేసి, నీళ్లు పోసింది నేనని చెప్పాను. పకపకా నవ్వారు. "అమ్మా, మా ఇంట్ల ఆమె అయితే ట్యాంకరే పిలిపిస్తుండె. పని అయ్యేదాక మా మిల్లుల నల్లా బంద్ చేయిస్త" అన్నారు. మీ బావకు చెబితే, "నీకు జలుబు చేయలేదు, వాకిలికి చేసింది" అన్నారు. ఇద్దరి నవ్వూ విన్నాక నా గుండె తేలికపడింది.

ఇంక చెప్పాల్సింది నీకే. కోపం ఉంటే నా మీద చూపు, పెద్దదాన్ని, పడతాను. హారిక ఇంకా షెడ్డు ఖాళీ చేయలేదు. నువ్వు ఉండమంటే ఉందామని చూస్తోంది. నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. పని బాగుందని దానికి ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ బిడ్డ చేతి చలవతో సుఖంగా ఉన్న
మీ పెద్దక్క వాసవి