సూదా? గొట్టమా?

రాజోలు, 1989 ఫిబ్రవరి 1, బుధవారం

మనవరాలు సువర్ణ, మొగుడు సుందరరావుతో మద్రాసు బయలుదేరింది. మెడలో క్యాన్సరు గడ్డకు మందులు మొదలుపెడితే పిల్లలు పుట్టే ఆశ పోవచ్చట. అందుకని ముందే అండాలు తీసి, అతని బీజంతో కలిపి, అతిచలిలో గడ్డకట్టించి దాస్తారు.

"ఎవరికీ చెప్పకు మామ్మా. నన్ను చూసి ఎవరూ అయ్యోపాపం అనకూడదు" అంది బస్సెక్కుతూ.

వాళ్ళు తిరిగొచ్చేదాకా పద్దెనిమిది రోజుల మౌనం. ముప్పై ఒక్క ఏళ్ళు సైన్సు చెప్పి, క్లాసుల నోళ్ళు మూయించినదాన్ని. నా నోరొక లెక్కా!

తెలిసినవారు: సున్న.

ఫిబ్రవరి 3

సా. 4:00. స్త్రీల ప్రార్థన కూటం. "పేరు చెప్పని మనవి ఒకటి" అన్నాను. అంతే.

4:05. "పేరు లేకపోతే ఎవరికోసమని ప్రార్థన చేసేదండీ?" అంది పక్కింటి జయమ్మ.

"దేవుడికి తెలుసు."

"ఆయ్, ఆయనకి తెలుసండీ. మాకే తెలీదు."

4:20. మద్రాసు ఆసుపత్రి అన్నాను. ఊరి పేరు మనిషి పేరు కాదు.

తెలిసినవారు: సున్న. అనుమానించినవారు: పదకొండు.

ఫిబ్రవరి 5, ఆదివారం

చర్చి వాకిట్లో మరియమ్మ: "సువర్ణ పొట్ట నిలువునా కోసేస్తారంట కదండీ!"

నోరు నొక్కుకున్నాను.

"గర్భసంచే తీసేస్తారంట" అంది జయమ్మ.

తప్పు జవాబు విని ఊరుకోవడం నా వల్ల కాదు. "సంచి కాదు, అండాలు! నిలువునా కోయరు! బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టంలోంచి చూస్తూ తీయడం పాత పద్ధతి. స్కాను తెరమీద చూస్తూ సూదితో లాగడం కొత్తది!"

తెలిసినవారు: ఇద్దరు. దిద్దడం వేరు, చాటడం వేరు.

ఫిబ్రవరి 8

ఆ ఇద్దరూ తారుమారుగా చెప్పుకు తిరుగుతున్నారు. విధిలేక కూటానికి నల్లబల్ల తెప్పించాను. అరగంట పాఠం. బొమ్మ బాగా కుదిరింది.

"మత్తిస్తారాండీ?" అని పోలమ్మ అడిగింది. మంచి ప్రశ్న.

తెలిసినవారు: నలభై మూడు.

ఫిబ్రవరి 19, ఆదివారం

బస్టాండు. సువర్ణ దిగేసరికి నలభై మూడుమందీ హాజరు. నేను గొడుగు చాటున ఉన్నాను.

ఒక్కరూ అయ్యోపాపం అనలేదు. "సూదా అమ్మా, గొట్టమా?" అంది పోలమ్మ.

సువర్ణ నావైపు చూసింది. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా నన్నెప్పుడూ అలా చూడలేదు. తర్వాత పకపకా నవ్వింది. "సూదేనండీ!"

ఇంటికొచ్చాక నా చెవిలో అంది: "ఏడు దొరికేయి మామ్మా. ఈ అంకైనా మన మధ్యే ఉంచు."

మాటిచ్చాను.

సా. 6:10. గోడ మీంచి జయమ్మ: "ఐదే దొరికేయంటగా అండీ?" పళ్ళు బిగించాను.

6:11. "మరియమ్మయితే మూడే అంటందండీ."

6:12. "ఏడు!"

రేపు ఉదయం ఆరింటి నుంచి మౌనం. జయమ్మను పాత నలభై మూడు లెక్కలోనే కలిపేశాను.

తెలిసినవారు: సున్న.