అరవై ఒకటి

జూన్ 3

లోడింగ్ వాడి ముక్కు పగలగొట్టాను. డ్రమ్ము జారవిడిచాడు. రెడ్ లెడ్, అదే ఎర్ర సీసం పొడి, నేలంతా పరుచుకుని, దుమ్ము మొహాల దాకా లేచింది. పైగా వాడు నవ్వాడు. పార తిరగేసి కర్రతో ఒక్కటిచ్చాను. ఏది రక్తమో ఏది పొడో తెలియలేదు. ఫోర్‌మన్ నన్ను పక్కకి ఈడ్చి, నీకేమైనా పిచ్చి పట్టిందా ఏంట్రా అన్నాడు. నాకూ అదే అనుమానం.

గాజు కంపెనీకి ఇరవై టన్నులు పంపాలి. సీసం దిమ్మలే ఆలస్యంగా వచ్చాయి. కొలిమిలో పసుపు పొడి ఎరుపుకి తిరిగే సమయాన్ని కంటితో పట్టేవాణ్ణి ఈ షెడ్డులో నేనొక్కణ్ణే. అందుకే నన్ను గెంటలేదు.

జూన్ 5, ఉదయం

కడుపులో మెలిపెట్టేస్తోంది. నోట్లో పాత చిల్లర చప్పరిస్తున్నట్టుంది.

జూన్ 8

రక్తపరీక్ష చీటీలిచ్చారు. రక్తంలో సీసం యాభై దాటితే కొలిమి దగ్గర నుంచి తీసేసి గేటు దగ్గర ఊడ్చే పనికి వేస్తారు. పోయినసారి నాది నలభై తొమ్మిది. పదహారేళ్ళ పనితనం చీపురుకట్టకి అప్పగించాలా? చచ్చినా ఒప్పుకోను.

మావాళ్ళకో దారి ఉంది. చీటీ మీద టోకెన్ నంబరే ఉంటుంది. కలెక్షన్ సెంటర్లో మొహం ఎవడూ చూడడు. ఒకడు బావమరిదిని పంపుతాడు, ఇంకొకడు తమ్ముణ్ణి. నాకెవరున్నారు? మా ఆవిణ్ణి అడిగాను. ఫ్యాక్టరీ గడప తొక్కని మనిషి. నీ బదులు సూది గుచ్చించుకోవడం కూడా నా నుదుటనే రాసుందా అని సణిగింది. సణుగుతూనే వెళ్ళింది.

జూన్ 9

టీ చల్లారిందని గ్లాసు విసిరాను. ఆమె కనుబొమ్మ చిట్లింది. దిండు గలీబు తీసి అదిమిపెట్టుకుంది. షెడ్డులో ఖాళీ అయిన సీసం బస్తాల లోపలి గుడ్డ మెత్తగా ఉంటుందని నేనే తెచ్చిస్తే, దులిపి, ఉతికి, తనే కుట్టిన గలీబు. మా వీధిలో అందరిళ్ళలో అవే. ఎదురింటివాళ్ళు పసిబిడ్డ కింద కూడా అదే గుడ్డ పరుస్తారు.

ఇంకోసారి చెయ్యి లేస్తే ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెడతానంది. సిగ్గుతో చచ్చాను.

జూన్ 14

రిపోర్టొచ్చింది. నా టోకెన్ మీద అరవై ఒకటి.

కంపెనీ నర్సమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. మందు మొదలుపెట్టకపోతే నరాలు పోతాయట, కిడ్నీలు పోతాయట. ఈ కోపం కూడా సీసం చేసే పనేనట. ఇంట్లో నీ బట్టలు ఎవరు దులుపుతారు, ఎవరు ఉతుకుతారు అని అడిగింది. బల్ల ఎత్తి తిరగేశాను. సీసాలన్నీ భళ్ళుమన్నాయి. ఆ రక్తం నాది కాదు తల్లీ అని గొంతు దాకా వచ్చింది. చెబితే మోసం చేశానని ఉద్యోగమే పీకేస్తారు.

ఆర్డరు పూర్తయ్యేదాకా ఫోర్‌మన్ రిపోర్టు తన సొరుగులో పెట్టాడు. ఇంకో నాలుగు రోజులు కొలిమి నాదే.

జూన్ 15

ఆమెకి చెప్పలేదు.

జూన్ 16

ఇవాళా చెప్పలేదు. చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, బట్టలు పిండలేకపోతున్నానంది. నాటకాలాడకని కసిరాను. పెరట్లోకి వెళ్ళి గోడని గుద్దాను. రెండు వేళ్ళు వాచాయి. ఆర్డరు వెళ్ళాక చెబుతాను. ఒట్టు.

జూన్ 17

ఇది రాస్తున్నది నీ పెళ్ళాన్ని. ఉతుకుదామని తీస్తే నీ చొక్కా జేబులో దొరికింది ఈ పుస్తకం. అరవై ఒకటి నాదన్నమాట.

గలీబులన్నీ సంచిలో మూటకట్టాను. ఎదురింటి బిడ్డ కింద గుడ్డ కూడా లాగేశాను. ముగ్గురం నర్సమ్మ దగ్గరికి వెళ్తున్నాం, ఆ తల్లీ, బిడ్డా, నేనూ. టోకెన్ సంగతి కూడా చెబుతాను. కొట్టాలనుకుంటే గేటు దగ్గరికి రా.

చొక్కా ఉతకలేదు.