చప్పుడు లేని బండి

నాన్నా,

నేను డ్యూటీకి వెళ్తున్నా. కారు ఛార్జింగ్‌లో ఉంది. లైట్లు ఆపినట్టు పోతూ పోతూ దాని స్విచ్ కూడా ఆపెయ్యకు. మొన్న నువ్వు చేసిన ఆ పొదుపుకి నేను బస్సులో వేలాడుతూ వెళ్లాను.

సాయంత్రం అమ్మని ఆస్పత్రి నుంచి నువ్వే తీసుకురావాలి. ఇంక భయం లేదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. కారెక్కాక బటన్ ఒక్కసారే నొక్కు. చప్పుడు రాలేదని మళ్లీ నొక్కితే ఆగిపోతుంది. నువ్వు ఇన్నేళ్లు తోలిన లారీ కాదుగా, అరవడానికి. ఏసీ వెయ్యి, పిసినారితనం చూపించకు.

చోటు లేక కాగితం అంచున రాస్తున్నా. అమ్మ లేక ఇన్నాళ్లూ ఇల్లు కూడా ఈ కారులాగే ఉంది, నడుస్తోందో ఆగిందో తెలీకుండా. ఇవాళ దారంతా అమ్మ నీ డ్రైవింగ్‌కి వంకలు పెడుతూనే ఉంటుంది. ఇంక బండికి చప్పుడు లేదని నువ్వు అనలేవు.