పడినప్పుడల్లా పిస్కాటవేకి కబురు

అరోరా, ఇల్లినాయ్
నవంబర్ 12

ఆదిశేషుకు,

మార్చి తొమ్మిది, శనివారం. ఉదయం మీ అక్క ఇడ్లీ వేసింది. తను రెండు తిన్నది. మాత్రలు మూడూ వేసుకుంది. మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని వాకిట్లో మంచు కరగడం చూసింది. సాయంత్రం నా వాచీ తీసుకుని అందులో ఏదో మార్చింది. భోజనం తర్వాత ఒక స్వీడిష్ సినిమా పెట్టాం. రొట్టెల దుకాణంవాడొకడు గొప్పలకు పోయి, స్కీల మీద మంచులో తొంభై కిలోమీటర్ల పందెంలో దిగుతాడు. వాడికి స్కీ చేయడం రాదు. మీ అక్క బాగా నవ్వింది. యాభై రెండో నిమిషంలో ఆపి, మిగతాది రేపు చూద్దాం అంది. గ్యారేజ్ తలుపు వేశారా అని అడిగింది. వేశాను అన్నాను. పడుకుంది. ఆదివారం ఉదయం ఆరూ నలభైకి లేపాను. లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

పదో రోజున నువ్వు నన్ను, ఆఖరి రోజు ఏం జరిగిందని అడిగావు. ఏమీ జరగలేదన్నాను. అది అబద్ధం కాదు. జవాబు కూడా కాదు. అందుకని ఎనిమిది నెలల తర్వాత రాస్తున్నాను.

సరోజకు ఆశీస్సులు.
గౌరీశంకర్

తా.క. గ్యారేజ్ తలుపు నిజానికి వేయలేదు. ఆమె పడుకున్నాక వెళ్లి వేశాను.


పిస్కాటవే, న్యూజెర్సీ
నవంబర్ 18

పూజ్యులైన బావగారికి, ఆదిశేషు నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సరోజ చదివి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫోన్‌లో రెండు ముక్కలకు మించి మాట్లాడని మనిషి దగ్గర్నుంచి అరపేజీ వచ్చింది. అందుకే నేనూ కాగితమే పట్టాను.

ఎయిర్‌పోర్ట్‌లో నేనన్న మాట మీరు మర్చిపోయారేమో గానీ నేను మర్చిపోలేదు. "అక్కే లేనప్పుడు ఇక మీకూ నాకూ మధ్య ఏముంది" అన్నాను. మీరు పంపిన మెసేజ్ మనసులో పెట్టుకుని అన్నాను. "కుమారి పోయింది. వీలైతే రా." సొంత అక్క పోతే వీలు చూసుకుని వచ్చేవాడినా బావగారూ. సరే, అది వదిలేద్దాం.

అసలు సంగతి వేరే ఉంది. రెండు వారాలుగా మీ వాచీ నాకు మెసేజ్‌లు పంపుతోంది. "గౌరీశంకర్ పడిపోయినట్టున్నారు" అని. కింద మ్యాప్ కూడా ఇస్తోంది. మొన్న మంగళవారం ఒక్క గంటలో పదకొండుసార్లు. మొదటిసారి ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాను" అని పెట్టేశారు. రెండోసారి ఎత్తనే లేదు. పదకొండుసార్లు పడాలంటే మధ్యలో పదిసార్లు లేవాలి కదా అని, ఆ ధైర్యంతో కూర్చున్నాను. మీకు నేను తప్ప ఎవరున్నారు. దాచకండి.

ఇట్లు,
మీ ఆదిశేషు

తా.క. మెసేజ్ క్షణంలో వస్తోంది, ఉత్తరం నాలుగు రోజులకు చేరుతోంది. ఇది చదివే సమయానికి లేచి ఉంటారని ఆశిస్తాను.


అరోరా
నవంబర్ 23

ఆదిశేషుకు,

పడిన మాట నిజం. పదకొండు కాదు, పధ్నాలుగు. మూడుసార్లు గడ్డి మీద మెత్తగా పడ్డాను, వాచీకి తెలియలేదు. బీపీ నూట ఇరవై ఎనిమిది. షుగర్ లేదు. మందు తాగడం లేదు. ఈ చివరిది నువ్వు అడగలేదు, కానీ అడుగుతావు.

గౌరీశంకర్

తా.క. పడ్డాక వాచీ ఒక నిమిషం ఆగుతుంది. ఆ లోపల "బాగానే ఉన్నాను" అని నొక్కితే నీకు కబురు రాదు. గ్లోవ్స్ మందంగా ఉన్నాయి.


పిస్కాటవే
డిసెంబర్ 2

బావగారికి నమస్కారాలు.

బీపీ నార్మల్, షుగర్ లేదు, మందు లేదు, గ్లోవ్స్ మాత్రం మందం. ఈ సింప్టమ్స్ అన్నీ కలిపి మా ఫార్మా ఫ్రెండ్స్ ఇద్దరిని అడిగాను. ఇద్దరూ నన్ను చూపించుకోమన్నారు.

ఇక లాభం లేదని మీ ఊళ్లో ఉన్న పరంధామయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన గుడి కమిటీలో ఉన్నారు కాబట్టి ఊళ్లో ఎవరు తుమ్మినా తెలుస్తుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "మీ బావగారా? చూశానండీ. ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో, ఆ అడవి పార్కులో. నల్లటి బిగుతు బట్టలు, హెల్మెట్, రెండు చేతుల్లో రెండు కర్రలు. పక్కన ఒక తెల్లావిడ. ఆయన కింద ఉన్నారు, ఆవిడ నడుం పట్టి లేపుతోంది. నేను పలకరించలేదండీ, బాగుండదని."

మూడు రోజులు ఆలోచించాను. కర్రలంటే స్ట్రోక్ వచ్చిందని, ఆవిడ థెరపిస్ట్ అని నేను. సరోజ మాత్రం, "బిగుతు బట్టల్లో థెరపీ ఏంటండీ, మీకేం తెలీదు ఊరుకోండి" అంటోంది.

సూటిగా రాస్తున్నాను. మీరు ఇంకో తోడు చూసుకుంటే నేను కాదనను. కాదనడానికి నేనెవర్ని. కానీ కాళ్ల మీద నిలబడలేని పరిస్థితిలో ఈ తొందర దేనికి. ఇంకొక మాట. ఆవిడకు కూడా తమ్ముళ్లు ఉంటారు. అప్పుడు నేను మీకు ఏమవుతానో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
ఇప్పటివరకు మీ బావమరిది,
ఆదిశేషు

తా.క. ఆవిడ మన సాంబారు తింటుందా అని సరోజ అడగమంది. నేను అడగడం లేదు.


అరోరా
డిసెంబర్ 8

ఆదిశేషుకు,

ఆమె పేరు బ్రిట్టా. వయసు డెబ్బై ఆరు. మా వీధి చివర ఉంటుంది. స్కూల్ బస్సు నడిపి రిటైర్ అయింది. తాతగారు స్వీడన్ నుంచి వచ్చారు. నాకు స్కీయింగ్ నేర్పుతోంది. మంచు పడేవరకు చక్రాల స్కీల మీద, తారు దారిలో. భర్త కార్ల్ కారులో కూర్చుని క్రాస్‌వర్డ్ నింపుతూ ఉంటాడు. పరంధామయ్యకు కారు కనిపించి ఉండదు.

ఆఖరి రోజు గురించి రాసినప్పుడు ఒకటి వదిలేశాను. సినిమాలో రొట్టెలవాడు పడుతుంటే నేను, "నడక వచ్చినవాడికి ఇందులో కష్టమేముంది" అన్నాను. నలభై ఒక్క సంవత్సరాల కాపురంలో నేను కొట్టిన గొప్ప అదొక్కటే. మీ అక్క సినిమా ఆపింది అందుకే. లాప్‌టాప్ తెచ్చి, విస్కాన్సిన్‌లో అలాంటి పందెం వెతికి, నా పేరు రాసేసింది. ముప్ఫై కిలోమీటర్లు. ఫిబ్రవరి ఇరవై రెండు. తర్వాత ఆవులించి, మిగతాది రేపు అంది.

అక్టోబర్‌లో పందెంవాళ్ల దగ్గర్నుంచి నంబరు అచ్చేసిన గుడ్డ వచ్చింది. అది మడిచి టేబుల్ మీద పెట్టాను. తర్వాత బ్రిట్టాకు ఫోన్ చేశాను.

నేను హైవేల మీద వంతెనలు కట్టినవాణ్ణి. ఒక మనిషిని రెండు పలకల మీద నిలబెట్టడం వాటికన్నా కష్టం.

గౌరీశంకర్

తా.క. ఫారంలో అనుభవం అన్నచోట మీ అక్క "మధ్యస్థం" అని పెట్టింది. బ్రిట్టా దాని ప్రింటు తీసుకెళ్లి కార్ల్‌కు చూపించింది. కారు కాసేపు ఊగింది.

తా.క. 2. సాంబారు తింటుంది. రెండుసార్లు వేసుకుంది.


పిస్కాటవే
డిసెంబర్ 15

బావగారికి అనేక నమస్కారాలు.

సిగ్గుగా ఉంది. పరంధామయ్యగారికి ఫోన్ చేసి విషయం వివరించాను. ఆయన అప్పటికే నలుగురికి చెప్పారట. ఇప్పుడు ఆ నలుగురికీ ఇది చెబితే, "స్కీయింగా, ఆయనా? పెళ్లే నయం, నమ్మొచ్చు" అన్నారట.

బావగారూ, మీకు డెబ్బై. అక్కడ మైనస్ ఇరవై వస్తుందని చూశాను. అక్క సరదాకి చేసిన పని. అక్కకు నేనూ చిన్నప్పుడు ఎన్నో మాటలిచ్చాను, ఒక్కటీ నిలబెట్టుకోలేదు, ఏమీ అనలేదు. మానేస్తే మిమ్మల్నీ ఏమీ అనదు.

ఆ సినిమా వెతికి మేమిద్దరం మొత్తం చూశాం. అక్క ఎక్కడెక్కడ నవ్వి ఉంటుందో నేను చెప్పగలను. ఆ గుమ్మడికాయంత పిండి ముద్ద దొర్లే చోట నవ్వి ఉంటుంది. చివర్లో ఆ రొట్టెలవాడు

(ఇక్కడ సరోజ నా చెయ్యి పట్టుకుంది.)

పార్సెల్ పంపుతున్నాను. మంకీ క్యాప్, విక్స్, సున్నుండలు.

ఇట్లు,
మీ ఆదిశేషు

తా.క. సున్నుండలు పన్నెండు పెట్టాం. తొమ్మిదే ఉంటే పోస్ట్‌వాళ్లను అనకండి. ప్యాక్ చేసింది నేను.


అరోరా
డిసెంబర్ 22

ఆదిశేషుకు,

సినిమా చివర ఏమవుతుందో చెప్పవద్దు. మిగతా సగం నేను చూడలేదు. మూడుసార్లు పెట్టాను. యాభై రెండో నిమిషం దగ్గర ఆపేశాను. మిగతాది రేపు చూద్దాం అంది కదా. నేను చూసేస్తే ఆ మాట అయిపోతుంది.

మానేయమన్నావు. నువ్వు అనవలసిన మాటే. కానీ మార్చి నుంచి నేను చేసిన పనులన్నీ మూసేసేవే. ఆమె బ్యాంకు ఖాతా, ఫోన్, లైబ్రరీ కార్డు. ఇది ఒక్కటే ఆమె తెరిచిపెట్టి వెళ్లింది.

మంచు పడింది. తారు కన్నా నయం.

గౌరీశంకర్

తా.క. మంకీ క్యాప్ పెట్టుకుని వెళ్లాను. ఇలా బ్యాంకుకు మాత్రం వెళ్లొద్దని బ్రిట్టా చెప్పింది. కార్ల్ తనకూ ఒకటి తెప్పించమన్నాడు.

తా.క. 2. ఏడే ఉన్నాయి.


పిస్కాటవే
ఫిబ్రవరి 6

బావగారికి నమస్కారాలు.

కార్ల్‌గారి క్యాప్ వేరుగా పంపాను.

జనవరి అంతా నేను ఉత్తరం రాయలేదు. క్షమించాలి. జనవరి మొదట్నుంచి మెసేజ్‌లు ఆగిపోయాయి, కాబట్టి మీకు బ్యాలెన్స్ కుదిరిందని, బాగానే ఉన్నారని నిశ్చింతగా ఉన్నాను. అలాంటిది జనవరి ఇరవై నుంచి మళ్లీ మొదలైంది. మొత్తం తొమ్మిదిసార్లు. మ్యాప్‌లో చూస్తే ఫారెస్ట్ ప్రిజర్వ్ కాదు. మీ ఇల్లు. అన్నీ మధ్యాహ్నం నాలుగూ నాలుగుంబావు మధ్యలోనే. మీ హాల్లో మంచు పడుతోందా బావగారూ.

బయట పడితే స్కీలు అనుకుంటాను. ఇంట్లో పడితే ఏమనుకోను. ఈసారి నేను అడగడం లేదు, చెబుతున్నాను. టికెట్ బుక్ చేశాను. పంతొమ్మిదిన వస్తున్నాను. ఆ విస్కాన్సిన్‌కి మీతో కారులో నేనూ వస్తాను. పందెం మీ ఇష్టం, డ్రైవింగ్ నాది.

ఇట్లు,
మీ ఆదిశేషు

తా.క. నాకు వీలైంది.


మోటెల్, ఉత్తర విస్కాన్సిన్
ఫిబ్రవరి 21

ఆదిశేషుకు,

ఈ ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. మధ్యాహ్నం మూడు గంటలయింది. నువ్వు పులిహోర తిని పక్క మంచం మీద నిద్రపోతున్నావు. లేపి చెప్పవచ్చు. కానీ నాకు కాగితమే కుదురుతుంది.

ఇంట్లో ఎలా పడ్డారని కారులో ఆరు గంటలూ అడిగావు. కార్పెట్ తట్టుకుంది అన్నాను. దానికి ముందు రోజే నువ్వు మోకాళ్ల మీద కూర్చుని హాల్లో కార్పెట్ అంచులన్నిటికీ టేపు వేశావు. అరవై నాలుగేళ్ల మనిషివి. అది చూశాక చెప్పక తప్పదు.

నేను ఇంట్లో పడలేదు. ఒక్కసారి కూడా.

జనవరి రెండు తర్వాత నేను స్కీల మీద కూడా పడడం లేదు. బ్రిట్టా సంతోషించింది. మీ వైపు నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. మా వీధిలో పోస్ట్ నాలుగింటికి వస్తుంది. రోజూ వెళ్లి డబ్బా తీసి చూసేవాణ్ణి. కొట్లవాళ్ల కాగితాలు, పళ్ల డాక్టర్ కార్డు. ఇరవయ్యో తారీకున ఖాళీ చేతులతో లోపలికి వచ్చి, వాచీ ఉన్న చెయ్యి ఎత్తి సోఫా మీద గట్టిగా కొట్టాను. పడ్డారా అని వాచీ అడిగింది. నిమిషం ఆగాను. నొక్కలేదు. నువ్వు ఫోన్ చేశావు. బాగానే ఉన్నానని పెట్టేశాను. నాకు కావలసింది ఉత్తరం. అలా తొమ్మిదిసార్లు.

గ్లోవ్స్ మందం అని రాసింది కూడా పూర్తి నిజం కాదు. గ్లోవ్ తీయడానికి నాలుగు సెకన్లు చాలు.

ఆ శనివారం సాయంత్రం మీ అక్క వాచీలో మార్చింది ఇదే. నీ నంబరు పెట్టింది. వాణ్ణి కంగారు పెట్టడం ఎందుకు అన్నాను. "మీరు పడితే ఎవరికీ చెప్పరు. వాడికి తెలిస్తే ఊరుకోడు" అంది. అప్పటికింకా సినిమా పెట్టలేదు. పందెం సంగతే లేదు. నేను ఎక్కడ పడతానని అనుకుందో నాకు తెలియదు.

మన మధ్య ఏముంది అన్నావు. ఆమె ముందే పెట్టి వెళ్లింది.

ఆ మెసేజ్‌లో మొదట "వెంటనే రా" అని రాశాను. నీకు ఆజ్ఞలా ఉంటుందేమోనని "వీలైతే రా" అని మార్చాను. మార్చకుండా ఉండాల్సింది.

ఆదివారం ఇంటికి వెళ్లాక సినిమా మిగతా సగం చూద్దాం. నువ్వు ముందే చూశావు కాబట్టి నోరు మూసుకుని కూర్చోవాలి. అది నీకు ముప్ఫై కిలోమీటర్ల కన్నా కష్టం.

బయలుదేరేటప్పుడు గ్యారేజ్ తలుపు వేశాను. ఈసారి నిజంగా.

గౌరీశంకర్

తా.క. రేపు ఉదయం అయిదున్నరకు లేచి, కాఫీ కలిపి, ఈ ఉత్తరం నీ కోటు జేబులో పెడతాను. ఎనిమిదింటికి గీత మీద నిలబడతాను. పడితే గ్లోవ్ తీయను.