క్రిస్టోఫర్ ముఖానికి అడ్డం

ఉబాల్డో స్వామివారికి,

మీ లాటిన్ ఎంత తప్పులతడకో ఊరంతటికీ తెలుసు కాబట్టి మన భాషలోనే రాస్తున్నాను.

డబ్బున్న మొరాండో కుటుంబం ఎత్తున కూర్చోడానికి మీరు గుడిలో కట్టిస్తున్న చెక్క మంటపం నా క్రిస్టోఫర్ ముఖాన్ని కప్పేసింది. బాలయేసును భుజాన మోస్తూ ఏరు దాటే ఆ పునీతుణ్ణి నేను గుమ్మానికి ఎదురుగోడ నిండా చిత్రించింది ఊరికే కాదు. కొండల మీది కనుమ దాటేవాళ్ళు వీధిలోంచే ఆ ముఖం చూసి బయలుదేరతారు. చూసిన రోజు చావు రాదని వాళ్ళ నమ్మకం. ఇప్పుడు వాళ్ళకు మోకాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

నిన్న కంచరగాడిదలు తోలే బెత్తీనో నన్ను వీధిలో ఆపి, "ఏం తాతా, కాళ్ళు చూసి పోతే నా కాళ్ళొక్కటే తిరిగొస్తాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. మీరూ నవ్వారట.

ఆ ముఖంలో సున్నం, కావిరంగు తప్ప ఏ మహిమా లేదని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నవాణ్ణి నేనే. ఇప్పటికీ అదే అంటాను. అయినా శుక్రవారంలోగా పై పలకలు విప్పించండి. ఆ రోజు నా కోడలు నేసా గాడిదలను తోలుకుని కనుమ దాటుతుంది. మీరు విప్పించకపోతే గొడ్డలి తీసుకుని నేనే వస్తాను.

నా కొడుకు లాపో మంచుచరియ కింద పోయిన రోజు మీకు గుర్తుండాలి. వాడి శవం మీద మీరు చదివిన లాటిన్ ప్రార్థనలో రెండు తప్పులున్నాయి. వాడు పోయిన ఆ పొద్దున, క్రిస్టోఫర్ ముఖానికి కొత్తగా రంగు వేసి గుడ్డ కప్పి ఉంచాను. వాడు గాడిదలను బయట నిలిపి వచ్చి, "నాన్నా, ఒక్కసారి గుడ్డ ఎత్తవా, చూసి పోతాను" అన్నాడు.

"రంగు ఆరలేదు, పోరా పిచ్చోడా" అన్నాను.

రంగు అప్పటికే ఆరిపోయింది స్వామీ.