మంచులైట్ల స్విచ్చి

క్రిస్మస్ దాటిన శనివారం, నంద్యాల.

మా కొడుకు యోహాను కొనిపెట్టిన మంచులైట్లు ఈ దినం కారుకు నేనే బిగించినా. పోయిన చలికాలం ఆళ్లగడ్డ దారిలో, పొగమంచుకు మలుపు కనపడక, కారు కాలవలో పడి వాడు పోయినాడు. లైట్లు అప్పటికి డబ్బాలోనే ఉండె. సోమవారం నుంచి వాని పెండ్లాం మార్తమ్మ రిపేరు చేయించిన అదే కారు నడుపుకుంటా ఆళ్లగడ్డకు టీచరు పనికి పోవల్ల. మంచు మళ్లా మొదలైంది.

ఎద్దులబండి ఇరుసు కింద లాంతరు కట్టినట్టు, బంపరు కింద దిగువన బిగించినా. దారి అంచు కనపడల్ల గదా. వైర్లు లాగి స్విచ్చి పెట్టినా. కోడలు స్టీరింగు ముందర కూర్చుని చెయ్యి చాపితే అందలేదు.

“ఏంది మామా, ఆ పక్క పెట్టినావు? నడిపేది నేను గదా!”

అది వాడు నడిపేటప్పుడు నేను కూర్చునే పక్క. లైట్లు కొన్న దినం వాడే అన్నాడు, “స్విచ్చి నీ దిక్కు పెడతా నాయనా, మంచొస్తే నువ్వే ఎయ్యల్ల” అని. నా చెయ్యి ఆడికే పోయింది.

“ఇప్పి మారుస్తాలేమ్మా” అన్నా.

“వద్దు మామా, ఉండనీ. మంచు పోయేదాకా నువ్వే పక్కన కూర్చో” అని మొగం తిప్పుకునింది.

సరే అన్నా. వాడు పోయిన దినం ఆ పక్కన ఎవరూ లేరు. సోమవారం ఆ మలుపు వచ్చినప్పుడు నేను కండ్లు మూసుకోకూడదు, ప్రభువా...