మూడు గుంపుల కసరత్తు, నా ఒక్క ఒళ్ళు

2వ తేదీ, సోమవారం. ఉదయం 5:30
లేచాను! ఎవరూ లేపకుండానే!

వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం అమ్మాయి బడిలో ఆటల పోటీలు. పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళు కలిసి పరిగెత్తే రిలే ఉంది. నిన్న అన్నం తింటూ మెల్లగా అడిగింది: "నాన్నా, ఈసారి బాబాయితో పరిగెత్తనా?"

బాబాయంటే నా సొంత తమ్ముడే. ఒళ్ళు మండిపోయింది. 15న మా ఇద్దరికీ పందెం పెట్టమన్నాను. గెలిచినవాడే అమ్మాయితో వెళ్ళాలి.

6:10
మా అక్క క్రీడాకారులకి శిక్షకురాలు. లెక్కలు సరిచూడమని ఒక నివేదిక పంపింది. ఇనుప బరువులెత్తిన గుంపుకి బలం తొమ్మిది శాతం పెరిగింది. రబ్బరు పట్టీలు లాగినవాళ్ళకి ఏడు. దండీలు, గుంజీళ్ళు తీసినవాళ్ళకి ఆరు. మూడూ నేనొక్కణ్ణే చేస్తే? ఇరవై రెండు! లెక్కల మాస్టారంటే మజాకానా!

4, బుధవారం
చెయ్యి పైకి లేవడం లేదు. తలే కిందికి దించి దువ్వెనకి అందించాను. క్లాసులో బోర్డు కింది సగంలోనే రాశాను. వెనక బెంచీలవాళ్ళు నిలబడి రాసుకున్నారు.

5, గురువారం
అక్క ఫోను. "ఒరేయ్, అవి మూడు వేరే వేరే గుంపులురా! ఎనిమిది వారాలు చేశారు వాళ్ళు. ఎలా కూడేశావురా? అయినా కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, తర్వాత విశ్రాంతిలో."

ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!

6. విశ్రాంతి.
7. విశ్రాంతి.
8. విశ్రాంతి. మధ్యాహ్నం అదనంగా రెండు గంటలు.

11, బుధవారం
రబ్బరు పట్టీని దండెంగా కట్టి మా ఆవిడ తువ్వాళ్ళు ఆరేసింది. తడివి తీస్తే బాగుండదని ఊరుకున్నాను.
"కసరత్తు చెయ్యరా?" అంది.
"చేస్తూనే ఉన్నా," అన్నాను దుప్పట్లోంచి.

15, ఆదివారం
వీధి చివరి నుంచి మా గేటు దాకా పందెం. నేను సగం దూరం వచ్చేసరికి తమ్ముడు లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి బయటికొచ్చాడు. నాకూ ఓ గ్లాసు తెచ్చాడు, వెధవ.

"బాబాయితోనే వెళ్తా నాన్నా," అంది అమ్మాయి, నేల చూస్తూ. నవ్వేశాను. తర్వాత స్నానాల గదిలో కుళాయి తిప్పి కాసేపు కూర్చున్నాను. ఓడినందుకు కాదు. పదకొండేళ్ళ పిల్ల నా మొహం చూడలేకపోయింది. అదీ బాధ.

16, సోమవారం
వాళ్ళకి రెండో బహుమతి. చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు వాచాయి. ఈ కసరత్తుని ఏ గుంపు కింద రాయాలో అక్కనడగాలి.

17, మంగళవారం. ఉదయం 5:45
గుమ్మంలో అమ్మాయి. కాళ్ళకి బూట్లు.
"లే నాన్నా. వచ్చే ఏడాదికి."
"బాబాయి ఉన్నాడుగా?"
"బాబాయి ముందు పరిగెత్తి వెళ్ళిపోతాడు. నాకు మాట్లాడ్డానికి ఎవరూ ఉండరు."

మలుపు దాకా వెళ్ళొచ్చాం. పరుగు కొంచెం, నడక ఎక్కువ, కబుర్లు చెప్పలేనన్ని. ఇవాళ మొదటి రోజు!

రేపు ఐదున్నరకి. తనని నేనే లేపుతాను.